కిక్కిస చాటు గూడు

ఫిబ్రవరి 12, బుధవారం

భానుప్రకాష్ సార్ మళ్ళీ అదే మాట. "అన్నీ బాగున్నాయి సనా. ఒక్కటీ ఆపడం లేదు." చూసేవాడు నడుస్తూ నడుస్తూ ఆగిపోవాలట. నా తొమ్మిది ఫోటోలూ ల్యాబ్ బల్ల మీద పరిచి, కాఫీ తాగుతూ, ఒక్కదాని ముందు కూడా ఆగకుండా ఆయనే నడిచి చూపించారు. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో బస్తాల మీద నిద్రపోతున్న కళాసీ, ఏలూరు కాలవ గట్టున తివాచీ ఉన్ని ఆరబెడుతున్న ముసలావిడ, పాసింజరు కిటికీలోంచి మంచులో వరిచేను. ఇవన్నీ మంచి ఫోటోలే. ఆయన ఆగకపోతే నేనేం చెయ్యను?

పదోది మిగిలింది. కాలేజీ ప్రాజెక్టుకి పది ఫోటోలు, ఆరు నిమిషాల వీడియో, ఒక్కో ఫోటో ఎలా తీశామో చూపించే ప్రాసెస్ వీడియో. మార్చి మొదటికి ఇవ్వాలి. మా క్లాసులోంచి ఒక్క ఫోటో విజయవాడ ఎగ్జిబిషన్‌కి వెళుతుంది. అక్కడ నెగ్గితే అడవి జీవాల మీద సినిమాలు తీసే వాళ్ళ దగ్గర ఏడాది పని. నెగ్గకపోతే జూన్ నుంచి గూడెంలో నాన్న స్టూడియోలో పెళ్ళి ఆల్బమ్‌లకి పూల బోర్డర్లు వేసుకోవడమే. నాన్న ముప్ఫై ఏళ్ళుగా అదే చేస్తున్నారు, అలా అని నేనూ చెయ్యాలా?

నాన్న పెద్ద లెన్సు ఇచ్చారు. "జాగ్రత్త" అని నాలుగుసార్లు అన్నారు, నన్ను కాదు, లెన్సుని చూస్తూ.

డైరీ తెలుగులో రాయడం ఎంత మంచిదో. ఇంట్లో అమ్మకి చదవడం ఉర్దూ ఒక్కటే వచ్చు.

ఫిబ్రవరి 16, ఆదివారం

దొరికింది. పదోది దొరికింది.

తెల్లారేసరికి కైకలూరు బస్సు దిగి, ఆటోలో లంక రేవుకి వెళ్ళాను. రత్నమాణిక్యం గారు అప్పటికే దోనె సిద్ధం చేసి కూర్చున్నారు. నా వీడియోలో సగం ఆవిడే. వెదురు మావులు నీళ్ళల్లో పెట్టడం, పొద్దున్నే వాటిలో పడిన చేపలు దులపడం, గుర్రపుడెక్కని కొడవలితో కోసుకుంటూ దారి చేసుకోవడం. కొల్లేరు సరస్సులో ఆవిడకి తెలియని మూల లేదు. ఆవిడ దోనె రెండు తాటి మొద్దులు తొలిచి జత కట్టినది, మొగుడిది కాదు, ఆవిడ సొంతం. భర్తది ఎవరివో చేపల చెరువుల మీద కాపలా పని. ఇల్లు నడిచేది దోనె మీదే.

"గూడు చూపిస్తాను గానండి, దగ్గరికి ఎల్లకూడదండి. ఇటు నించే తీసుకోండి" అన్నారు.

ఊదారంగు కొంగ గూడు. కిక్కిస గడ్డి దట్టంగా ఉన్న చోట, మనిషెత్తు కిక్కిస మధ్యలో. మేం వెళ్ళగానే తల్లి ఎగిరిపోయింది. లెన్సులోంచి చూస్తే అంతా గడ్డే. కాస్త పక్కకి జరిపాం. మూడు పిల్లలు, మూడు తెరిచిన నోళ్ళు, వెనక నుంచి ఎండ. వెలుతురుకి తగ్గట్టు కెమెరాలో ఐ.ఎస్.ఓ. తగ్గించడం కూడా మర్చిపోయాను, అయినా ఫోటో వచ్చింది.

తల్లి తర్వాత తిరిగి వచ్చే ఉంటుంది.

వెనక్కి వచ్చేటప్పుడు మాణిక్యం గారు నా వైపు చూడకుండా దోనె నడిపారు. ఎండకి అలిసిపోయినట్టున్నారు.

ఫిబ్రవరి 17

క్లాసులో ఏమీ వినలేదు. ఫోనులో ఆ ఫోటోనే చూస్తూ కూర్చున్నాను.

ఫిబ్రవరి 19, బుధవారం

సార్ ఆగారు! కాఫీ చల్లారిపోయింది. నిలబడే ఉండిపోయారు. "దీనికి 'ఆకలి' అని పేరు పెట్టు" అన్నారు. విజయవాడకి ఇదే వెళుతోంది.

మా క్లాసు భావన కుళ్ళుకుంటుందేమో అనుకున్నాను. నా కంటే ఎక్కువ గంతులేసింది. వీడియో ఎడిటింగ్ అంతా తనే కూర్చుని చేసిపెడతానంది. మంచి పిల్ల, కానీ ప్రశ్నలు ఎక్కువ.

ఫిబ్రవరి 23, ఆదివారం

మాణిక్యం గారి ఫోటో ఒకటి పెద్దది చేయించి, లామినేషన్ వేయించి తీసుకెళ్ళాను. సంతోషపడతారనుకున్నాను. గోడకి ఆనించి పెట్టి, "గూటికాడికి ఎల్దామా అండి?" అన్నారు. అప్పుడే తెలియాల్సింది.

గూడు ఖాళీ. ఒక అంచు విరిగి నీళ్ళల్లోకి జారింది.

"రెండోనాడే అయిపోయిందండి. తల్లి ఓ పూట తిరిగిందండి, మనిషి అలికిడికి బెదిరి దిగలేదు. నీడ పోయింది కదండి, పిల్లలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయండి. ఆనక కాకులొచ్చినియ్యి."

నోళ్ళు తెరిచింది ఆకలికి అనుకున్నాను, అన్నాను.

"ఆకలికైతే అరుస్తాయండి. అవి అరిసినియ్యా?"

అరవలేదు. ఎండకి నోళ్ళు తెరిచాయి.

కాకులు ఎక్కడైనా ఉంటాయి. కొల్లేటిలో కాకులూ గద్దలూ లేవా? ప్రతి గూట్లోనూ పిల్లలు బతుకుతాయా? నేను పక్కకి జరిపింది రెండు మూడు పరకలు.

ఫిబ్రవరి 27, గురువారం

చివరి పన్నెండు ఫోటోల్లో నాది ఉంది. ఫలితం మార్చి 8న. అమ్మ పక్కింటి వాళ్ళందరికీ చెప్పింది, ఏం చెప్పిందో తనకే తెలియదు. "మా సనా కొంగ ఫోటోకి ప్రైజు" అంటోంది. ఇంకా రాలేదు అంటే వినదు.

మార్చి 1, శనివారం

భావనతో ల్యాబ్‌లో ప్రాసెస్ వీడియో ఎడిట్. దోనె వెనక భాగంలో చిన్న కెమెరా బిగించి తీసింది కాబట్టి మొత్తం పదకొండు నిమిషాలు ఉంది. నేను ముందే నాలుగు నిమిషాలకి కోసి, సౌండు తీసేసి, వేణువు మ్యూజిక్ పెట్టి తీసుకెళ్ళాను.

"అసలు సౌండు ఏదే? తెడ్డు చప్పుడూ, నీళ్ళ చప్పుడూ ఉంటే బాగుండేది కదా" అంది.

గాలి గోల ఎక్కువగా ఉంది, అన్నాను.

"ఇక్కడ కట్ అయింది చూడు. ఇక్కడ గడ్డి ఉంది, ఇక్కడ లేదు."

దోనె తిరిగింది, అన్నాను. సరే అంది. మళ్ళీ ఒకసారి చూసి, ఇంకోసారి సరే అంది.

మార్చి 3, సోమవారం

నిన్నటి నుంచి రంజాన్ ఉపవాసాలు, రోజాలు. సాయంత్రం గూడెం స్టేషన్లో దిగుతుంటే మాణిక్యం గారి ఫోను.

దోనె పట్టుకుపోయారట. శనివారం ఫారెస్టు వాళ్ళు తనిఖీకి వచ్చి, గూళ్ళ దగ్గర కిక్కిస కోసి ఉండటం చూశారు. ఆ మూల మావులు ఈవిడవే. దోనెలో కొడవలి ఈవిడదే. గూళ్ళు పాడుచేసినందుకు కేసు రాస్తామని, దోనె, కొడవలి, మావులు అన్నీ పట్టుకెళ్ళారట.

"మీ పేరు చెప్పానండి, చెప్పక తప్పలేదు, ఏమీ అనుకోకండి అమ్మాయిగారూ. ఫారెస్టాయన నమ్మట్లేదండి. కాలేజీ పిల్ల కొడవలి పడతదా అంటన్నారు. ఆయన ఫోను చేస్తారంట. ఉన్నది ఉన్నట్టు చెప్పండి చాలండి. దోనె లేకపోతే నా నోట్లోకి మెతుకు ఎల్లదండి."

చెప్తానండి, అన్నాను.

చెప్పాలి. ఎలా చెప్పాలో ఆలోచించాలి. శనివారం వరకూ ఆగితే ఫలితం వచ్చేస్తుంది, ఆ తర్వాత చెప్పినా చెప్పినట్టే కదా. ఈలోపు అంత చిన్నదానికి కేసు ఎవరు రాస్తారు? భయపెట్టి వదిలేస్తారు.

మార్చి 4, మంగళవారం

ఏలూరు ప్లాట్‌ఫాం మీద ఉండగా ఫోను వచ్చింది. మర్యాదగా మాట్లాడారు, అదే ఎక్కువ కష్టం.

"సనా గారాండీ? నేను ఫారెస్టు సెక్షన్ ఆఫీసర్ సుబ్బరాజునమ్మా. పోయిన నెల పదహారో తారీఖు రత్నమాణిక్యం దోనెలో లోపలికి వెళ్ళారా?"

"వెళ్ళానండి."

"అక్కడ కిక్కిస కోశారు. ఎవరు కోశారో మీకేమన్నా తెలుసా?"

రైలు వస్తోందని మైకులో చెబుతున్నారు. చెప్పేసి ఉండొచ్చు. నోట్లో మాట తయారుగా ఉంది.

"తెలీదండి. మేం వెళ్ళేసరికే కోసి ఉందండి."

"అనుకున్నాలెండి. చదువుకునే పిల్ల మీద తోసేద్దామని చూస్తోంది. ఉంటానమ్మా."

అది నేనెక్కాల్సిన రైలు కాదు. వేరే రైలు. నేను ఆ చప్పుడుకి కంగారుపడ్డాను, అంతే.

నిజం చెప్పినా ఆయన నమ్మేవారు కాదు. ముందే ఒకటి అనుకుని ఫోను చేశారు.

మార్చి 5

రోజా ఉన్నాను.

మార్చి 6, గురువారం

మాణిక్యం గారు మూడుసార్లు ఫోను చేశారు. క్లాసులో ఉన్నాను. లంచ్‌లో ఉన్నాను, అంటే అందరూ తింటుంటే పక్కన కూర్చున్నాను. మూడోసారి ఏమీ చెయ్యడం లేదు. పేరు వెలుగుతుంటే చూస్తూ ఉన్నాను.

మార్చి 8, శనివారం

నెగ్గాను.

సార్ ఫోనులో అరిచారు. 'ఆకలి' మొదటి బహుమతి. పదిహేనున విజయవాడలో ప్రదర్శన, జూలై నుంచి పని. అమ్మ ఇఫ్తార్‌కి సేమ్యా చేసింది. నాన్న కళ్ళు తుడుచుకున్నారు. స్టూడియో గోడకి పెద్ద ప్రింటు వేస్తానన్నారు. ఆ గోడ మీద ఇప్పటిదాకా ఎమ్మెల్యేగారి కూతురి పెళ్ళి ఫోటో ఉంది. దాన్ని తీసేస్తున్నారంటే మా నాన్నకి ఎంత సంతోషమో నాకు తెలుసు.

 

మార్చి 9, ఆదివారం

ప్రింటు మూడడుగులు. నాన్న దాన్ని బల్ల మీద పరిచి, కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, ముక్కు ఆనేంత దగ్గరగా చూశారు. పెళ్ళికూతురి ముఖం మీద మచ్చలు వెతికినట్టు చూశారు. కింద అంచు దగ్గర వేలు పెట్టారు.

"ఇవేంటి?"

ఫోనులో ఎప్పుడూ కనపడలేదు. మూడడుగుల్లో కనపడుతున్నాయి. కోసిన కిక్కిస మొదళ్ళు, తెల్లగా, ఏటవాలుగా, వరసగా.

"అక్కడ చేపలు పట్టేవాళ్ళు కోసి ఉంటారు నాన్నా."

సుబ్బరాజు గారికి ఫోనులో కూడా నేనింత మాట అనలేదు. మా నాన్న ముందు నిలబడి ఆవిడ మీదికి నెట్టేశాను.

నాన్న కళ్ళద్దాలు దించుకున్నారు. "ఈ కోత పచ్చిగా ఉందమ్మా. ఇంకా నీరు కారుతోంది." అంతే అన్నారు. గట్టిగా అనలేదు. ప్రింటు చుట్ట చుట్టి బీరువా మీద పెట్టారు. గోడ ఖాళీగా ఉంది, పెళ్ళి ఫోటో ఉన్నంత మేర సున్నం తెల్లగా ఉంది.

ఇఫ్తార్‌కి నా పక్కనే కూర్చున్నారు. ఖర్జూరం నా చేతిలో పెట్టారు. ఏమైనా అడిగి ఉంటే ఇంకో అబద్ధం చెప్పేదాన్ని.

మార్చి 10, సోమవారం

కాలేజీకి వెళ్ళలేదు. తలుపు వేసుకుని పదకొండు నిమిషాల వీడియో సౌండుతో చూశాను. ఆ రోజు తర్వాత ఇదే మొదటిసారి.

రాస్తున్నాను. ఇకనైనా సరిగ్గా రాస్తున్నాను.

గూటికి పది గజాల దూరంలో ఆవిడ దోనె ఆపారు. ఇంకా దగ్గరికి అన్నాను. వద్దండి అన్నారు. ఐదు నిమిషాలే అన్నాను. ఇంకా, ఇంకా అని గూటి పక్కకి దోనె తెప్పించాను. అక్కడ గాలి తోస్తోంది. ఆవిడ దోనె తోసే గెడని అడుగు బురదలో గుచ్చి, రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డారు. గెడ వదిలితే దోనె గూటి మీదికి పోతుంది.

నేను కాళ్ళ దగ్గరి కొడవలి తీసుకున్నాను. జరపలేదు. పక్కకి జరపడం అనేది ఏమీ లేదు. కోశాను. రెండు పరకలు కాదు, మూడు కాదు. వీడియోలో ఒకటిన్నర నిమిషం పాటు కోస్తూనే ఉన్నాను, మధ్యలో లేచి కెమెరాలో చూసుకుని మళ్ళీ కోశాను. రెండు చేతులకీ పట్టనంత. కోసింది నీళ్ళల్లోకి తోసేశాను.

ఆవిడ గొంతు స్పష్టంగా ఉంది. "వద్దండి అమ్మాయిగారూ. కొయ్యకండి. ఆ చాటే వాటికి కొంపండి." తర్వాత ఇంకా గట్టిగా, "నేను చేతులు వదల్లేనండి, మీకు దణ్ణం పెడతాను, ఆపండి."

నా గొంతు: "అయిపోయింది మాణిక్యం గారూ, అయిపోయింది, రెండు నిమిషాలు."

ఆ గొంతు ఎవరిదో లాగా ఉంది. చాలా మర్యాదగా ఉంది.

ఈ సౌండు మీదే వేణువు పెట్టాను. గాలి గోల అని భావనకి చెప్పాను. గాలి అసలు వినపడనే వినపడదు.

మార్చి 11, మంగళవారం

తెల్లవారుజామున సహరీ భోజనానికి లేచినప్పుడు నాన్నకి చెప్పాను. అమ్మ రొట్టెలు కాలుస్తోంది. నాన్న తింటున్నది ఆపి, పూర్తిగా విని, "మెమరీ కార్డు తీసుకెళ్ళు. ఫోనులో చూపిస్తే చాలదు, కాపీ అంటారు" అన్నారు. వస్తానన్నారు. వద్దన్నాను.

ఎగ్జిబిషన్ వాళ్ళకీ, సార్‌కీ రైల్లోంచి మెయిల్ పెట్టాను: ఫోటో వెనక్కి తీసుకుంటున్నాను, కారణం ఇది. నొక్కేముందు తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు దాకా వేలు అలాగే ఉంది. ఏలూరులో దిగాక నొక్కాను. సార్ వెంటనే ఫోను చేశారు. "నేను ఆగినప్పుడు నువ్వు ఒక్క మాట అనాల్సింది సనా" అని పెట్టేశారు. ఏడుపొచ్చింది. బస్సులో ముసుగు లాక్కుని ఏడ్చాను.

ఫారెస్టు వాళ్ళ దగ్గరికి రమ్మని మాణిక్యం గారికి ముందే ఫోను చేశాను. ఎత్తారు. "వస్తానండి" అన్నారు, అంతే.

ఫారెస్టు వాళ్ళ షెడ్డు రేవుకి దూరంగా, రోడ్డు మీద ఉంది. సుబ్బరాజు గారు నిజంగానే మర్యాదస్తులు. కుర్చీ వేయించారు. మంచినీళ్ళు ఇవ్వబోయి, రోజానా అమ్మా అని వెనక్కి తీసుకున్నారు. మాణిక్యం గారు గుమ్మం దగ్గర నిలబడ్డారు. నేను కుర్చీలోంచి లేచాను, అయినా ఆవిడ కూర్చోలేదు.

కార్డు వాళ్ళ కంప్యూటర్లో పెట్టి, వీడియో వేశాను. సౌండు పూర్తిగా పెట్టాను.

"వద్దండి అమ్మాయిగారూ. కొయ్యకండి."

సుబ్బరాజు గారు తెర వంక చూడటం మానేసి బల్ల మీది పేపర్ వెయిట్ వంక చూశారు. మాణిక్యం గారు గుమ్మం దాటి లోపలికి వచ్చారు. అయిపోయాక, "ఇంకోసారి ఎయ్యండి బాబుగారూ" అన్నారు. వేశారు. "ఇంకోసారండి." మూడోసారి షెడ్డులో పనిచేసేవాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. ఆవిడ వాళ్ళందరి ముఖాల్లోకి ఒక్కొక్కరినే చూశారు. "పది రోజుల్నించి ఇదే చెప్తన్నానండి" అన్నారు.

నా స్టేట్‌మెంట్ రాసుకున్నారు. నా మీద కేసు ఉంటుంది, జరిమానా కట్టాలి, కాలేజీకి లెటరు వెళుతుంది. సరే అన్నాను. ఆవిడ మీద ఏమీ లేదు, దోనె తీసుకుపోవచ్చు అన్నారు. నాకు ఊపిరి వచ్చినట్టయింది. ఆలస్యమైనా సరిచేశాను కదా అనుకున్నాను. అలా అనుకున్నానని రాసుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

దోనె షెడ్డు వెనక సిమెంటు గచ్చు మీద ఉంది. ఎండలో. నీడ లేదు. తాటి దోనెని నీళ్ళల్లోంచి తియ్యరట. పని లేని రోజుల్లో కూడా రేవులో ముంచి ఉంచుతారట, లేకపోతే మొద్దు ఎండి చీలిపోతుంది. లంకలో చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతి. దోనె పట్టుకొచ్చిన వాళ్ళకి తెలియదు. నాకూ తెలియదు. పది రోజులు అలాగే ఎండింది. ముందు నుంచి వెనకదాకా రెండు మొద్దులూ నిలువునా చీలాయి. మాణిక్యం గారు వంగి చీలికలో చెయ్యి పెట్టారు. వేళ్ళు అవతలకి వచ్చాయి.

"తారు పూస్తే...?" అన్నారు సుబ్బరాజు గారు.

ఆవిడ తల అడ్డంగా ఊపారు.

ఆయన రిజిస్టరు తెచ్చారు. 'ఒక దోనె, ఒక కొడవలి, పదిహేను మావులు, ముట్టినవి' అని రాసి ఉంది. ఆవిడ వేలిముద్ర వేశారు. సాక్షి సంతకం నన్ను పెట్టమన్నారు. పెన్ను తీసుకుని, దాని కింద రాశాను: 'దోనె పగిలిపోయి ఉంది. ఇక నీళ్ళ మీద పనికిరాదు. నేను నిజం చెప్పకపోవడం వల్ల ఇలా అయింది.' రాసి, సంతకం పెట్టాను.

"అదంతా ఎందుకమ్మా ఇందులో" అన్నారు సుబ్బరాజు గారు. కానీ కొట్టెయ్యలేదు.

"ఏం రాశారండి?" అని అడిగారు మాణిక్యం గారు. చదివి వినిపించాను. రెండు వాక్యాలు బాగానే చదివాను, మూడోది సగంలో ఆపి, మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఆవిడ ఆగి, పూర్తయ్యేదాకా విన్నారు. కొడవలి చేతిలోకి తీసుకున్నారు. మావులు ఒకదాని మీద ఒకటి సర్దుకున్నారు.

"పోయిన మంగళారం చెప్పుంటే పనికొచ్చేదండి" అని, ఆటో కోసం రోడ్డు మీదికి వెళ్ళిపోయారు.